ఎన్ని కౌగిళ్ల చెట్టు?

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఓ కుటుంబమంతా చెట్టు మానుకు అతుక్కుని నిలబడిందంటే, ఇంగ్లండ్‌లో అది ఆట కాదు... కొలత! పెద్దవాళ్లు చేతులు బార్లా చాపితే ఒక్కొక్కరికీ సుమారు మీటరున్నర. చుట్టి రావడానికి నలుగురైదుగురు కావాల్సి వచ్చిందంటే నాలుగైదు వందల ఏళ్ల ఓక్ చెట్టు దొరికినట్టే.

ఉడ్‌లాండ్ ట్రస్ట్ అనే సంస్థ 2004లో ఈ పాత చెట్ల వేట మొదలుపెట్టింది. చెట్టు కనిపెట్టిన వాళ్లెవరైనా వివరాలు పంపొచ్చు. తర్వాత శిక్షణ పొందిన వలంటీర్లు టేపుతో వచ్చి సరిచూస్తారు.

వెతికేవాళ్లు ముందు చూసేది అడవుల్ని కాదు. ఒకప్పుడు రాజులూ జమీందార్లూ వేట కోసం దుప్పుల్ని పెంచిన పాత పార్కుల్ని. అక్కడి ముసలి ఓక్‌లు చాలావరకు లోపల గుల్ల. చేవను బూజు తినేస్తుంది, బయటి పొర మాత్రం బతికే ఉంటుంది. గుల్ల మాను దూలానికి పనికిరాదు, ఓడకూ పనికిరాదు. గొడ్డలి వాటి జోలికి రాకపోవడానికి అదీ ఒక కారణం! లింకన్‌షైర్‌లో ఓ పొలంలో ఉన్న బౌథార్ప్ ఓక్ చుట్టుకొలత 12 మీటర్ల పైనే. 18వ శతాబ్దంలో దాని తొర్రలో బల్లలు వేసి విందులు చేసుకున్నారట.

కదిరి దగ్గరి మన తిమ్మమ్మ మర్రిమాను ఊడలు దింపుకుంటూ ఎకరాలకు పాకింది. పాపం, ఓక్‌కు ఊడల్లేవు. రాబిన్‌హుడ్ దాక్కున్నాడని కథలు చెప్పే షెర్‌వుడ్ అడవిలోని మేజర్ ఓక్ కొమ్మలకు అందుకే ఊతకర్రలు పెట్టారు. చూడ్డానికొచ్చిన జనం తొక్కి తొక్కి వేళ్ల దగ్గర మట్టి గట్టిపడిపోతుంటే, 1970ల్లో చుట్టూ కంచె వేశారు. దాన్ని ఇప్పుడెవరూ కౌగిలించుకోలేరు.

జాబితాకెక్కితే చాలు, చెట్టు భద్రమేననుకుంటాం. కానీ అక్కడ వయసును బట్టి చెట్టుకు దానంతటదే వచ్చే చట్టరక్షణ ఏదీ లేదు. 2025 ఏప్రిల్‌లో ఉత్తర లండన్‌లో 6 మీటర్ల చుట్టుకొలత ఉన్న ఓక్‌ను ఎండిపోయింది, ప్రమాదమంటూ నరికేశారు. బతికే ఉందని స్థానిక కౌన్సిల్ నిపుణులు అన్నారు. అదీ జాబితాలో ఉన్న చెట్టే!