పెయ్యదూడల టీకా గురించి

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ సంచాలకుల వారికి,

అయ్యా,

చూడి గేదె ఏడో నెలలో ఈసుకుపోతే ఆ ఈత పాలు పోయినట్టే, అప్పు వాయిదా మాత్రం ఆగదు. అంతకన్నా నన్ను కలవరపెట్టేది ఆ తర్వాత జరిగేది. పడిన పిండాన్ని, మాయను ఆ ఇంటి ఆడమనిషి వట్టి చేతులతో ఎత్తి పెంటదిబ్బ మీద పారేస్తుంది. పశువులు ఇలా ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లోసిస్ జబ్బు మనిషికి సోకే దారుల్లో ఇదొకటి, కాచని పాలు మరొకటి. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ల నొప్పులు. టైఫాయిడ్ అనుకుని మందులు మింగుతూ నెలలు గడిపేవాళ్లున్నారు. ఇంట్లో పశువులున్నాయా అని అడిగే డాక్టరు దొరకాలి కదా!

ఈ జబ్బు రాకుండా, 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్యదూడకు ఒక్కసారి టీకా వేస్తే చాలు. ఆ వయసు దాటనివ్వకండి. శిబిరం తేదీ పాలకేంద్రం దగ్గర ముందే చాటించండి. పొద్దున్నే కూలికెళ్లే ఇళ్లకు సాయంత్రం రండి. అది బతికున్న క్రిమితో చేసిన టీకా, వేసే సిబ్బందికి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పక ఇవ్వండి. ఈసుకుపోయిన ప్రతి పశువు రక్తం పరీక్షకు వెళ్లాలి. ఆ కబురు అదే వారంలో ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ అందాలి.

ఇట్లు,
ఒక పాడి రైతు