గిల్టు నగల వెనుక చేతులు

పెగడపల్లిలో బీడీలు చుట్టే స్త్రీలతో మాట్లాడుతుంటే ఒకామె నా కమ్మలు పట్టి చూసింది.

"బంగారమేనా అక్కా?"

"గిల్టు. చిలకలపూడివి."

"మరి అవి చేసేటోళ్ళకు మా లెక్క పీఎఫ్ ఉంటదా?"

ఇన్నేళ్ళు గిల్టు పెట్టుకుని తిరిగిన నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు.

మచిలీపట్నం ప్రాంతపు ఈ నగలు లోపల రాగి, ఇత్తడి. బంగారు లవణం కలిపిన తొట్టిలో వేలాడదీసి కరెంటు పంపితే పలచని పూత అంటుతుంది. ఇదే పద్ధతిలో మైనపు అచ్చు మీద బంగారాన్ని మందంగా పేరనిచ్చి, మైనాన్ని కరిగించేస్తే లోపల బోలుగా తేలికైన నగ వస్తుంది. ఆ తొట్లలో తరచుగా ఉండేది సయనైడ్ లవణమే. గాలాడని గదిలో, చేతి తొడుగులు లేకుండా ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది.

తొట్టి దాకా వెళ్ళకముందే రింగులు కలపడం, అతకడం, రాళ్ళు అంటించడం ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం స్త్రీలు ఇళ్ళలో చేసేదే, ముక్క లెక్కన. దీన్ని 'తీరిక వేళల పని' అంటారు. ఏ ఆడమనిషికి తీరిక ఉందో ఎవరైనా చెబితే వినాలని ఉంది!

బీడీ స్త్రీలకు హక్కులు ఊరికే రాలేదు. ఇంట్లో చుట్టేవారినీ కార్మికులుగా 1966 చట్టం గుర్తించింది, 1977లో పీఎఫ్ వచ్చింది. ఇంటి దగ్గర పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒప్పందాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. కరీంనగర్ వెండి తీగ పనికి మాత్రం 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వస్తువును గుర్తించడం ప్రభుత్వానికి చేతనవును మరి.

పెగడపల్లిలో ఆమె గూట్లోంచి తన బీడీల లెక్క పుస్తకం తీసి చూపింది. పేరు, ముక్కల సంఖ్య, రేటు, కాంట్రాక్టరు సంతకం ఉన్న అలాంటి పుస్తకం బందరు ఇళ్ళలోని ప్రతి స్త్రీకీ ఇవ్వాలని అడగడంతో మొదలుపెడదాం.