రాకపోకలు లేని మైత్రి

స్నేహమునకు మూలధనము కాలము. ధనము లేనివారును స్నేహము చేయగలరు. విద్య లేనివారును చేయగలరు. ఒకరికొరకొకరు వెచ్చించుటకు గడియలు లేనివారు మాత్రము చేయజాలరు. మన పెద్దలు అనుభవమువలన నెరిగిన ఈ సంగతిని లెక్కగట్టి చూపినవారును గలరు. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయాచార్యుడు జెఫ్రీ హాల్ 2018వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధన ప్రకారము, ముఖపరిచయము సామాన్యస్నేహముగా మారుటకు సుమారు 50 గంటలును, మిత్రుడనిపించుకొనుటకు సుమారు 90 గంటలును, ఆప్తమిత్రుడగుటకు 200 గంటలకు పైగాను కలసి గడపవలసి యుండును. అంకెలు మనిషిని బట్టి మారవచ్చును గాని స్నేహము గడియ గడియగా కూడవలసినదే యను మాట మారదు.

ఆ గడియలు నేడు తరిగిపోవుచున్నవి. అమెరికాలో 15 మొదలు 24 సంవత్సరముల వయసువారు మిత్రులతో ప్రత్యక్షముగా గడపు కాలము 2003లో దినమునకు సుమారు 150 నిమిషములుండగా, 2020 నాటికి 40 నిమిషములకు దిగినదని నాటి సర్జన్ జనరల్ డాక్టరు వివేక్ మూర్తి 2023 మే నెలలో వెలువరించిన హెచ్చరికపత్రము తెలిపినది. 2020 మహమ్మారి సంవత్సరము గదా యని కొందరాక్షేపింపవచ్చును. ఆ తరుగుదల మహమ్మారికి ముందునుండియే సాగుచుండెను. ఇది అమెరికా వారి గొడవ, మనకేల యనుకొనుటకును వీలు లేదు. ప్రపంచమున ఆరుగురిలో నొకరు ఒంటరితనముచే బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూనులో ప్రకటించినది. ఆ ఆరుగురిలో మనవారును గలరు.

దీనికి సెల్‌ఫోను వ్యామోహమే కారణమని అందరును చెప్పుదురు. అందు సత్యము లేకపోలేదు. కాని అంతగా కానరాని కారణము మరియొకటి గలదని మా అభిప్రాయము. యంత్రము మన పనులను తీర్చినది. ఆ పనులతో పాటు, వాని వంకన జరుగుచుండిన రాకపోకలను గూడ తీర్చివేసినది.

పూర్వము మిత్రుని యింటికి మనము స్నేహముకొరకే పోవుచుంటిమా? తరచుగా ఏదో యొక పని యుండెడిది. పుస్తకము బదులు తెచ్చుకొనుటకు పోయెడివారము. రైలువేళ కనుగొనుటకు పోయెడివారము. క్రికెట్టు వ్యాఖ్యానము వినుటకు రేడియో గలవారి యరుగుమీద చేరెడివారము. పని పావుగంటలో ముగిసెడిది; మజ్జిగ త్రాగి, లోకాభిరామాయణము మాటలాడి, దీపాలవేళకు లేచెడివారము. నేడు పుస్తకమును, రైలువేళయు, ఆటయు అరచేతిలోనే యున్నవి. మనకు సౌకర్యము కలిగినది. ఆ సాయంకాలములు మాత్రము పోయినవి.

శుభలేఖనే చూడుడు. ఇంటింటికి పోయి, బొట్టు పెట్టి, పెండ్లికి పిలుచుట మన ఆచారము. ఆ పిలుపు శ్రమతో కూడినదే. కాని ఏండ్ల తరబడి గడప త్రొక్కని బంధువు ఆ వంకన త్రొక్కెడివాడు. మాటలు లేని మిత్రులు ఆ వంకన మరల మాటలాడుకొనెడివారు. నేడు శుభలేఖ వాట్సాపులో నొక్క క్షణమున మూడువందలమందికి చేరుచున్నది. దానికి ఉత్తరముగా వచ్చునది దీవించు హస్తముబొమ్మ.

కుచేలుని కథ మనకందరకును తెలిసినదే. అతనిని ద్వారకకు నడిపించినది దారిద్ర్యము. వెళ్లిరమ్మని పంపినది ఇల్లాలు. అవసరమే లేకున్న నాతడు కదలియుండునో లేదో! కాని ద్వారక చేరిన పిమ్మట అవసరము మాట మరపునకు వచ్చినది. గురుకులమున నుండగా కట్టెలకై యడవికేగి వానలో చిక్కుకొన్న నాటి ముచ్చట మిత్రులిరువురి నడుమ మెదలినది. అడుగదలచినది అడుగకయే కుచేలుడు తిరిగివచ్చెను. అవసరము మనుష్యుని గడపదాక తెచ్చును. గడప దాటినపిమ్మటి పని స్నేహమే చూచుకొనును. అవసరమే తొలగించిన యెడల గడపదాక తెచ్చువారెవ్వరు?

యంత్రము చేసిన మేలును మేము కాదనుట లేదు. 2020లో దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు ఈ ఫోనే మనల నొకరికొకరిని దక్కించినది. డాలసులో నున్న మనుమని నవ్వును గుంటూరులోని అవ్వ చూడగలుగుచున్నది దీని పుణ్యముననే. దూరమున నున్నవారికి ఇది వంతెన. వీధి యవతల నున్న మిత్రునితో గూడ ఆ వంతెనమీదనే మాటలాడుట మా కోపమునకు కారణము.

మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన జరిగినది. కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖరామ్‌తో మాటలాడిరి. ఆ తొలి సంవత్సరములలో వచ్చిన పిలుపునకును పైకము చెల్లింపవలసి యుండెను. మాట ఖరీదైనది కావున, ‘సాయంకాలము వచ్చెదను, కూర్చుండి మాటలాడుకొందము’ అని చెప్పి ముగించెడివారు. మాట చౌక కాగా, ఫోనుమీద అంతయు చెప్పుకొంటిమి గదా, ఇక కలిసికొనుట యెందుకను భావము ప్రబలినది.

ఈ భావము యొక్క ఫలము సుఖదినములలో తెలియరాదు. ఇంట మృత్యువు సంభవించిననాడు తెలియును. వార్త ఒక్క గడియలో వందలమందికి చేరును. జోడించిన చేతుల బొమ్మలు వందలుగా వచ్చి పడును. కాని పాడె మోయుటకు నలుగురు కావలెను. ఆ నలుగురు తెరమీదనుండి దిగి రారు. రాత్రియంతయు ఆ యింటి యరుగుమీద మౌనముగా కూర్చుండువాడు వలయును. అట్టివాడు ఒక్కనాటిలో దొరకడు; ఏండ్ల రాకపోకలచే సంపాదింపబడును.

కావున కర్తవ్యమేమి? సెల్‌ఫోనులను కృష్ణలో కలుపుమని మేము చెప్పము. అవసరము ఇక మనలను మిత్రుని యింటికి కొనిపోదు గనుక, సంకల్పము కొనిపోవలెను. మూడువందలమందికి శుభలేఖ వాట్సాపులో పంపినను, పదిమంది యిండ్లకైనను స్వయముగా పోయి పిలువవలెను. జన్మదినమును ఫోను జ్ఞాపకము చేసినప్పుడు, సమీపముననున్న మిత్రుని చూచుటకు కాలు కదపవలెను. నెలకొక సాయంకాలమును మిత్రుల కొరకు కేటాయించి, ఆ వేళకు ఫోనులను వేరొక గదిలో నుంచవలెను. మన పూర్వులు హైదరాబాదులో 1901న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, వేటపాలెములో 1918న సారస్వత నికేతనమును స్థాపించిరి. గ్రంథములను భద్రపరచుటతో పాటు నలుగురు చేరి చదువుకొని ముచ్చటించుకొనుటకును గ్రంథాలయములు ఆలవాలములైనవి. ప్రతి యూరను అట్టి చోటొకటి తిరిగి నిండవలెను.

చాలదినములుగా చూడని మిత్రుడు ప్రతి పాఠకునకును ఒకడైనను ఉండును. వాని క్షేమము ఫోనులో తెలియుచునే యుండవచ్చును. అయినను ఈ ఆదివారము వాని యింటికి పొండు. ఏమి పనిమీద వచ్చితివని వాడడిగిన యెడల, పని యేమియు లేదని చెప్పుడు.