కుట్టు విప్పడం కూడా నేర్చుకోవాలి

‘మీ హాబీలు ఏంటి?’

ఇంటర్వ్యూ చివర్లో వచ్చే ఈ ప్రశ్నను మనం పెద్దగా పట్టించుకోం. అప్పటికే టెక్నికల్ ప్రశ్నలతో బుర్ర వేడెక్కి ఉంటుంది. అలవాటైన జవాబు నోట్లోంచి వచ్చేస్తుంది. పుస్తకాలు చదవడం, పాటలు వినడం. 2020 డిసెంబరులో ఒక ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో నేనూ అదే చెప్పా. ‘ఈమధ్య చదివిన పుస్తకం?’ అని అడిగారు. నోరు పెగల్లేదు. బీటెక్ సెకండియర్‌లో సగం చదివి వదిలేసిన పుస్తకం పేరు చెప్పా. ‘అందులో మీకు నచ్చిందేంటి?’ అన్నారు. ఇంకేం చెప్తాను!

అసలు సంగతేంటంటే, ఆ ఇంటర్వ్యూకి పది నిమిషాల ముందు దాకా నేను అమ్మ కుట్టు మిషన్ దగ్గరే కూర్చుని ఉన్నా. బ్రా కుడుతున్నా. మూడుసార్లు విప్పేసి నాలుగోసారి కుడుతున్నా. దాని గురించి అరగంట మాట్లాడమన్నా మాట్లాడేదాన్ని. కానీ చెప్పడానికి సిగ్గేసింది. తెలిసింది దాచుకుని, తెలియంది చెప్పి దొరికిపోయా.

ఇప్పుడు ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఆ కుట్టు పని గురించే చెబుదామని కూర్చున్నా. సిగ్గు పక్కన పెట్టి చదవండి. అబ్బాయిలూ, మీరు కూడా.

చాప మీద 31 ముక్కలు

నాది మెకానికల్ ఇంజినీరింగ్. 2020లో పూర్తయింది. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ చేతిలో ఉంది. లాక్‌డౌన్‌తో చేరే తేదీ వాయిదా పడింది, మళ్లీ పడింది, చివరికి ఒక మెయిల్‌తో ఆఫరే పోయింది. హాస్టల్ నుంచి సామాను తెచ్చుకుని తెనాలిలో ఇంటికి చేరా. నాన్న ఏమీ అనేవారు కాదు. ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది.

కుట్టు మొదలవడానికి కారణం చిన్నదే. నాకు సరిపోయే సైజు ఎప్పుడూ దొరికేది కాదు. షాపులో కౌంటర్ వెనకున్న అబ్బాయి ‘ఎంతండీ?’ అంటాడు. మనం గొణుగుతాం. అతను పేపర్లో చుట్టి ఇచ్చేస్తాడు. వేసుకుని చూసుకునే వీలుండదు, మార్చుకునే ధైర్యం ఉండదు. ఒకరోజు సాగిపోయిన పాత బ్రా పారేయబోతుంటే, అసలు దీన్ని ఎలా కుట్టారో చూద్దాం అనిపించింది. చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ విప్పి ముక్కలన్నీ చాప మీద పరిచా. కప్పు పై ముక్క, కింది ముక్క, లోపలి లైనింగ్, రెండు కప్పుల్నీ కలిపే మధ్య ముక్క, వెనక పట్టీలు, మూడు రకాల ఎలాస్టిక్, వైరు, ఆ వైరు దూరే సన్నటి గొట్టం, రింగులు, స్లైడర్లు, హుక్కులు.. లెక్కపెడితే 31.

‘ఏంటే ఇది? చెత్తబుట్టలో వేయాల్సినవి ముందేసుకుని కూర్చున్నావ్?’ అంది అమ్మ.

నిజం చెప్పాలంటే, నాలుగేళ్ల చదువు నా చేతికి తగిలింది ఆ చాప మీదే. బరువంతా భుజాల మీది స్ట్రాపులు మోస్తాయని అనుకునేదాన్ని. ఎక్కువ భాగం మోసేది ఛాతీ చుట్టూ ఉండే పట్టీ. అది వదులైతేనే స్ట్రాపుల మీద భారం పడి భుజాల మీద గుర్తులు పడతాయి. సైజులో ఉండే అక్షరానికి కూడా విడిగా అర్థం లేదు. ఛాతీ చుట్టుకొలతకు, దాని కింది చుట్టుకొలతకు ఉన్న తేడా అది. అందుకే 34సి కప్పూ, 36బి కప్పూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. పదేళ్లుగా వేసుకుంటున్న వస్తువు గురించి నాకు ఈ మాత్రం కూడా తెలియదు.

నాలుగు తప్పులు, నాలుగు కారణాలు

విప్పిన ముక్కల్ని పేపర్ మీద పెట్టి గీసుకుని, పాత టీషర్టులు కోసి కుట్టడం మొదలుపెట్టా. మొదటిది వేసుకోగానే కుట్లు పటపటా తెగిపోయాయి. బట్ట సాగుతుంది, తిన్నటి కుట్టు సాగదు. దారం తెగక ఏం చేస్తుంది? సాగే బట్టకి జిగ్‌జాగ్ కుట్టు కావాలి. అమ్మ పాత కాలితొక్కుడు మిషన్‌లో అది లేదు. మా వీధి చివర చీరలకు ఫాల్స్ కుట్టి జిగ్‌జాగ్ చేసే అక్క దగ్గరికి వెళ్లా. కవర్లోంచి తీసి చూపించడానికి అయిదు నిమిషాలు నసిగా. ఆవిడ మాత్రం ఒక్క చూపు చూసి, ‘దీనికి సన్న జిగ్‌జాగ్ కావాలమ్మా’ అని పని మొదలుపెట్టేసింది. సిగ్గంతా నాదే, ఆవిడకి అది పని.

రెండోదానికి వెనక పట్టీని అడ్డంగా కోయాల్సింది నిలువుగా కోశా. బట్ట ఒక వైపే బాగా సాగుతుంది, ఆ సాగే వైపు ఒంటి చుట్టూ రావాలి. హుక్కు పెట్టుకోడానికే ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. మూడోది చూడ్డానికి బాగానే ఉంది, కప్పు చిన్నదైపోయింది. కుట్టుకి వదిలిన మార్జిన్ కన్నా రెండు మిల్లీమీటర్లు లోపలికి కుట్టా. కుట్టు కలిపేది రెండు ముక్కల్ని కాబట్టి ఒక్కో కుట్టు దగ్గర నాలుగు మిల్లీమీటర్లు పోయినట్టు. కప్పుకి అలాంటివి మూడు కుట్లుంటే 12 మిల్లీమీటర్లు. టాలరెన్సులు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయని పరీక్షలో ఎనిమిది మార్కులకు రాశా. అదేంటో అర్థమైంది మాత్రం ఆ రోజే. నాలుగోదానిలో మధ్యమధ్య కుట్లు పడకుండా ఎగిరిపోయాయి. మామూలు సూది వాడా. సాగే బట్టలకు వేరే సూది ఉంటుంది.

అయిదోది ఒంటికి సరిపోయింది. అందంగా ఏమీ లేదు. కానీ రోజంతా వేసుకున్నా.

కారణం చెప్పని తలుపులు

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే.. ఉద్యోగాల వేటలో మనిషిని లోపల్నించి తినేసేది తిరస్కరణ అనుకుంటాం. నన్ను తినేసింది మాత్రం కారణం తెలియకపోవడం. అప్లై చేస్తాం, జవాబు రాదు. రాతపరీక్ష రాస్తాం, జాబితాలో పేరు ఉండదు. ఇంటర్వ్యూ బాగా జరిగిందనుకుంటాం, ‘మళ్లీ సంప్రదిస్తాం’ అంటారు, సంప్రదించరు. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పేవాళ్లుండరు. చెప్పకపోతే ఏం చేస్తాం? నేనే పనికిరానేమో అని మన మీదే వేసుకుంటాం. ఆర్నెల్లు ఇలా గడిస్తే ఎంత తెలివైన పిల్లలైనా డీలాపడతారు. నేను పడ్డా.

బట్ట దగ్గర ఆ బాధ లేదు. తప్పు కుడితే అక్కడికక్కడే చూపిస్తుంది. ఎక్కడో కూడా చూపిస్తుంది. విప్పితే మళ్లీ కుట్టుకోనిస్తుంది. ‘నేను పనికిరాను’ అనే పెద్ద మాట ‘ఈ కుట్టు రెండు మిల్లీమీటర్లు లోపలికి పోయింది’ అనే చిన్న మాటగా మారుతుంది. చిన్న మాటకి మందు ఉంటుంది. ఉద్యోగం వెతుక్కుంటున్న ప్రతి ఒక్కరికీ, తప్పు ఎక్కడుందో చూపించే పని ఒకటి చేతిలో ఉండాలని నేను గట్టిగా అనేది అందుకే.

నాకు దాంతో ఇంకో అలవాటు వచ్చింది. ప్రతి ప్రయత్నం గురించీ నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాసేదాన్ని. ఏం చేశా, ఎక్కడ పాడైంది, ఈసారి ఏం మారుస్తా. కొన్నాళ్లకి అదే పుస్తకాన్ని తిరగేసి, వెనక పేజీల నుంచి ఇంటర్వ్యూల గురించి రాయడం మొదలుపెట్టా. తొమ్మిది ఇంటర్వ్యూలయ్యాక చూస్తే ఏడింటిలో నేను తడబడింది ఒకే చోట. నా ఫైనలియర్ ప్రాజెక్టు గురించి చెప్పమన్నప్పుడు! నలుగురం కలిసి చేశాం, అందులో నా భాగం ఎంతో నాకే స్పష్టంగా తెలియదు. వాళ్లు కారణం చెప్పలేదు, నా నోట్‌బుక్ చెప్పింది. కూర్చుని ప్రాజెక్టు మొత్తం మళ్లీ విప్పి చదువుకున్నా.

సిగ్గుపడాల్సిన పనేనా?

‘హాబీ అంటే హాబీ. మరీ లోదుస్తులా?’ అని మా పిన్ని ఇప్పటికీ అంటుంది. ఆమెకి నేను చెప్పే కథ ఒకటుంది. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జాకబ్ అనే యువతి బ్రాకి పేటెంట్ తీసుకుంది. ఆమె మొదట దాన్ని తయారుచేసుకుంది రెండు చేతిరుమాళ్లు, కాస్త రిబ్బన్‌తో. ఇంకో యాభై అయిదేళ్లు ముందుకు రండి. 1969లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అడుగుపెట్టినప్పుడు వేసుకున్న స్పేస్‌సూట్‌ను తయారుచేసింది ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్. ప్లేటెక్స్ పేరుతో బ్రాలు, గర్డిల్స్ అమ్మిన కంపెనీ అదే. 21 పొరల సూట్‌ను మిషన్ల మీద కుట్టింది అక్కడి మహిళలే. ఒంటికి అతుక్కుని ఉండాలి, కదలనివ్వాలి, ఒత్తిడి తట్టుకోవాలి. ఈ మూడూ ఒకేసారి సాధించడం ఎలాగో లోదుస్తులు కుట్టేవాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

2021 మార్చిలో ఇంకో ఇంటర్వ్యూ. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి చెప్పేశా. ‘బ్రాలు కుడతానండీ.’ ప్యానెల్లో ఇద్దరు. ఒకాయన కాగితాల్లోకి చూస్తూ నవ్వు ఆపుకొన్నారు. రెండో ఆవిడ ‘అందులో కష్టమైనదేంటి?’ అన్నారు. బట్ట సాగే దిక్కు, మార్జిన్, తెగిన కుట్లు.. పది నిమిషాలు మాట్లాడా. మాట్లాడుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వణుకు లేదు.

ఆ ఉద్యోగం రాలేదు. సినిమా కాదు కదా! ఆరు వారాల తర్వాత సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో వేరే ఉద్యోగం వచ్చింది, అక్కడ హాబీల గురించి ఎవరూ అడగలేదు. వాళ్లు అడిగింది ప్రాజెక్టు గురించి. ఈసారి తడబడలేదు.

పూసలు నేర్పిన వినయం

హైదరాబాద్ వచ్చాక పూసలు పట్టుకున్నా. ఇందులో నాకు ఇప్పటికీ చేయి తిరగలేదు. చిన్న గాజు పూసల సైజులో అంకె పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది, 8 కన్నా 11 చిన్నది. వైరు గేజ్ గుర్తొచ్చి ముచ్చటేసింది. ఆ తర్వాత ముచ్చట్లేమీ లేవు. మూడో వరసలో ఒక పూస దాటేస్తే పన్నెండో వరసలో గానీ తెలియలేదు. తొమ్మిది వరసలు విప్పాల్సి వచ్చింది. పూసలన్నీ ఒకే లావు ఉండవు, ఏరుకోకుండా అల్లితే పట్టీ మెలితిరిగిపోతుంది. ఒకసారి ఉత్సాహం ఆగక నేను కుట్టిన బ్రా మధ్యలో చిన్న పూసల పువ్వు పెట్టా. ఆఫీసులో రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. మొదటి ఉతుకులోనే పూసలు బకెట్ అడుగున తేలాయి.

కానీ పూసల వల్లే మన పాపానాయుడుపేట గురించి తెలిసింది. తిరుపతికి దగ్గర్లో ఉన్న ఊరు. కరిగిన గాజును సన్నటి గొట్టంలా పొడవుగా లాగి, చిన్న ముక్కలుగా కోసి, అంచులు నునుపెక్కేలా మళ్లీ వేడిచేసి అక్కడ పూసలు చేశారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందట మొదలై, సముద్రాలు దాటి ఆసియా అంతా తిరిగిన పూసలు తయారైంది కూడా ఈ గాజు లాగే పద్ధతిలోనే. చేతిలో ఉన్న చిన్న పూసకి ఇంత కథ ఉంటుందని దాన్ని సూదికి ఎక్కించేదాకా తెలియలేదు.

‘మరి అమ్మొచ్చుగా?’

ఏ పని చేసినా మన చుట్టాలు అడిగే మొదటి మాట ఇదే. ‘ఇన్‌స్టాలో పెట్టు, ఆర్డర్లొస్తాయి.’ నేను పెట్టలేదు. మగ్గం వర్క్ చేసి, బట్టలు కుట్టి ఇల్లు నడుపుతున్నవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. వాళ్లకి అది జీవనోపాధి. ముక్కకి ఇంత అని లెక్క, పెళ్లి ముహూర్తం లోపు ఇవ్వాలి, పాడైతే చేతి డబ్బులు పోతాయి. అక్కడ తప్పు ఖరీదైనది. నాకు కావాల్సింది తప్పు చౌకగా దొరికే చోటు. మీకూ ఇప్పుడు కావాల్సింది అదే అనుకుంటా. ప్రతి ఇష్టాన్నీ ఆదాయంగా మార్చేయాలనే తొందరలో, నింపాదిగా తప్పు చేసే ఒక్క చోటునీ పోగొట్టుకోకండి.

అలాగని రెజ్యూమె కోసం హాబీ మొదలుపెట్టొద్దు. అది రెండో ప్రశ్నకే బయటపడుతుంది, నా పుస్తకాల హాబీలాగే. కుట్టుపని ఆప్టిట్యూడ్ ప్రిపరేషన్‌కి, కోడింగ్ ప్రాక్టీసుకి బదులూ కాదు. రోజుకి ముప్పావుగంట చాలు. కొత్త వస్తువులు కొననక్కర్లేదు, నా మొదటి బ్రాకి పాత టీషర్టు తప్ప ఖర్చేమీ లేదు. పాడైన ఫ్యాన్ విప్పండి, సైకిల్ బాగుచేయండి, రొట్టె గుండ్రంగా చేయడం నేర్చుకోండి. తప్పు కంటికి కనపడాలి, మళ్లీ చేసే వీలుండాలి. మూడు లైన్లు రాసిపెట్టుకోండి. ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఒకరు నవ్వుతారు. నవ్వనివ్వండి, పక్కన ఉన్నవాళ్లు అడుగుతారు.

ఏదీ తోచకపోతే ఇంట్లో కుట్టు మిషన్ సొరుగు తెరిచి చూడండి. దారపు ఉండల కింద చిన్న కత్తెర ఒకటి ఉంటుంది. దాంతో పాతదేదైనా ఒకటి విప్పడం మొదలుపెట్టండి.