641 నేర్పిన పాఠము

గణితమున పెద్దల మాటయే ప్రమాణమని మేము చాలకాలము నమ్మితిమి. సందేహము కలిగినను, "పుస్తకములో ఉన్నది కదా" యని నోరు మెదపక, సూత్రములను కంఠస్థము చేసి పరీక్షలో అప్పగించితిమి. 4294967297 అను సంఖ్య కథ తెలిసిన పిదప ఆ నమ్మకము సడలినది.

పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా, 2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతములకు ఒకటి చొప్పున కలుపగా వచ్చు 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలగుట గమనించి, ఈ వరుసలోనివన్నియు ప్రధానములేయని విశ్వసించెను. 32వ ఘాతమునకు ఒకటి కలిపిన వచ్చునదే మన సంఖ్య. దీనిని 641 నిశ్శేషముగా భాగించునని 1732లో ఆయిలర్ చూపెను. భాగఫలము 6700417.

ఇందుకు యంత్రమక్కరలేదు. ఈ సంఖ్యకు గల ఏ ప్రధాన భాజకమునైనను 64చే భాగించిన శేషము 1 రావలెనని నిరూపణ కలదు. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. మొదటి నాలుగును విఫలము, ఐదవది సఫలము. కాగితము, కలము, కొంచెము ఓపిక చాలును.

దీనివలన ఫెర్మా గొప్పతనము తగ్గలేదు. ఐదు నిదర్శనములు నిరూపణ కాజాలవని తేలినది, అంతే. 65537 తరువాత ఈ వరుసలో మరొక ప్రధాన సంఖ్య నేటివరకు లభింపనే లేదు.

కావున "ఎందువలన?" అని గురువులను అడుగుట అవిధేయత కాదని మా అభిప్రాయము. అడుగనిచ్చు తరగతియే గణితపు తరగతి. ఉర్దూ, తెలుగు శాఖల సోదర సోదరీమణులారా, మా మాటను సైతము ఊరక నమ్మవలదు. 6700417ను 641చే హెచ్చవేసి చూడుడు.