విండోస్ 10కి గడువు అయిపోయింది.. ఇంట్లో పాత కంప్యూటర్‌ను పారేయాల్సిందేనా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ మరుసటి రోజు ఏ కంప్యూటరూ మొరాయించలేదు. స్విచ్ వేస్తే ఎప్పటిలాగే ఆన్ అయింది. అందుకే చాలా ఇళ్లలో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. కానీ ఇకపై బయటపడే కొత్త లోపాలకు మందు రాదు. అదే మెషీన్‌లో బ్యాంకు లావాదేవీలు, ఆధార్ కాపీలు, పాస్‌పోర్టు స్కాన్లు, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు అన్నీ ఉంటాయి. లోపం ఉందని దొంగకు తెలుస్తుంది, ఇంటివాళ్లకు తెలియదు.

కంపెనీ చూపించే దారి విండోస్ 11. అది ఉచితమే, కానీ అందరికీ కాదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్, ఆ పైవి కావాలి. అంటే 2018కి ముందు కొన్న మెషీన్లలో ఎక్కువ శాతం పనికిరానివే అన్న లెక్క. మన ఇళ్లలో ఉన్నవేంటి? గల్ఫ్‌లో ఉన్న మామయ్య పంపిన పాత ల్యాప్‌టాప్, ఆఫీసులు అమ్మేసిన డెస్క్‌టాప్, సికింద్రాబాద్ సీటీసీలో బేరమాడి తెచ్చిన సెకండ్‌హ్యాండ్ సెట్. స్క్రీన్ బాగానే ఉంది, కీబోర్డు బాగానే ఉంది. అయినా కొత్తది కొనమంటున్నారు. ముప్పై, నలభై వేలంటే చాలా కుటుంబాలకు ఒక పిల్లాడి ఏడాది ఫీజు.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు అప్‌డేట్లు తీసుకోవచ్చు. 30 డాలర్లు కట్టాలి, లేదంటే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ చేస్తే ఉచితం. వెంటనే చేసుకోవాల్సిన పని ఇదే. కానీ ఇది ఊపిరి తీసుకునే టైమ్ మాత్రమే.

మూడో దారి లినక్స్. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టిన పని ఇది. అంతకుముందు 1983లోనే రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ దీనికి తోడైంది. దీని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. లైసెన్స్ ఫీజు లేదు. "మాకు లినక్స్ తెలియదు" అనేవాళ్ల జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది కూడా లినక్స్ కెర్నెల్ మీదే.

ఇది కుర్రాళ్ల సరదా అనుకునే రోజులు పోయాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో దాదాపు రెండు దశాబ్దాలుగా పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అక్కడి కైట్ సంస్థ టీచర్లకు శిక్షణ ఇచ్చి మరీ దీన్ని నిలబెట్టింది. జర్మనీలోని ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం దాదాపు 30 వేల ప్రభుత్వ కంప్యూటర్లను మైక్రోసాఫ్ట్ నుంచి తప్పిస్తామని 2024లో ప్రకటించింది. అయితే అదే జర్మనీలో మ్యూనిక్ నగరం ఏళ్ల తరబడి కష్టపడి లినక్స్‌కు మారి, 2017లో మళ్లీ విండోస్ వైపు తిరగాలని నిర్ణయించింది. రాజకీయం, సిబ్బంది అసంతృప్తి, పాత ఫైళ్ల ఇబ్బందులు అన్నీ కలిశాయి. కాబట్టి మారడం అంటే ఒక్క పెన్‌డ్రైవ్‌తో అయిపోయే పని అని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు.

మన దేశంలో గట్టిగా ఆలోచింపజేసింది మాత్రం 2025 జులైలో జరిగిన నయారా ఎనర్జీ వ్యవహారం. గుజరాత్‌లో రిఫైనరీ నడిపే ఈ కంపెనీలో రష్యా వాటా ఉందని యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది. దాంతో మైక్రోసాఫ్ట్ సేవలు ఆపేసింది. డబ్బు కట్టిన సేవలే. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక అవి తిరిగొచ్చాయి. మన ఇంటి కంప్యూటర్‌కు, రిఫైనరీకి పోలికేంటి అనొచ్చు. పోలిక ఒక్కటే: తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

సరే, మన ఇళ్లలో జరిగే పనుల సంగతి చూద్దాం. బ్రౌజింగ్, యూట్యూబ్ పాఠాలు, జూమ్ క్లాసులు, ఉత్తరాలు టైప్ చేయడం, లెక్కల షీట్లు, వీటికి లినక్స్‌లో ఏ లోటూ లేదు. లిబ్రె ఆఫీస్‌లో వర్డ్ ఫైళ్లు తెరుచుకుంటాయి, అక్కడక్కడా అమరిక చెదురుతుంది. యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది. పొన్నాల, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లున్నాయి. ఉర్దూ కూడా అంతే. కుడి నుంచి ఎడమకు రాయొచ్చు, నోటో నస్తాలిక్ ఫాంట్ వేసుకుంటే అక్షరం అందంగా కనిపిస్తుంది. 

చిక్కు వచ్చేది వృత్తి దగ్గర. ఉర్దూ పత్రికలు, పోస్టర్లు, నికా కార్డులు ఏళ్లుగా ఇన్‌పేజ్‌లో కంపోజ్ అవుతున్నాయి. తెలుగు డీటీపీ వాళ్లు అను ఫాంట్ల మీద బతుకుతున్నారు. ఇవి విండోస్ కోసం చేసినవి. పాత ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు కాబట్టి వేరేచోట తెరిస్తే పిచ్చి గీతలే. ఇంట్లో కూర్చుని కంపోజింగ్ చేసి నాలుగు రూపాయలు సంపాదించే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను రేపటి నుంచి లినక్స్ వాడమంటే అన్నం గిన్నె లాక్కున్నట్టే. ట్యాలీ మీద కిరాణా, బట్టల షాపుల లెక్కలు రాసేవాళ్లదీ ఇదే పరిస్థితి. వైన్ అనే ప్రోగ్రామ్‌తో కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్లు నడుస్తాయి, కానీ జీతం దాని మీద ఆధారపడితే ఆ ప్రయోగం వద్దు. ఆన్‌లైన్ పరీక్షల కోసం పెట్టే ప్రత్యేక బ్రౌజర్లు, జీఎస్టీ డిజిటల్ సంతకం టోకెన్లు కూడా ముందే చూసుకోవాల్సినవే.

ఇక్కడే ఒక మాట. చాలా ఇళ్లలో ఉన్నది కొన్న విండోస్ కాదు. రిపేరు షాపులో మూడొందలు తీసుకుని "ఫుల్ వెర్షన్" వేసిచ్చినది. దొంగ కాపీ నడవడానికి వాడే క్రాక్ ముందుగా యాంటీవైరస్‌ను ఆపమంటుంది. అంటే కాపలాదారుణ్ని పంపించేసి తలుపు తీయడం. అలాంటి మెషీన్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేవాళ్లకు విండోస్ 10 గడువు చిన్న సమస్య. నా ఉద్దేశంలో మొదట మారాల్సింది ఈ ఇళ్లే.

మారాలనుకునేవాళ్లకు లినక్స్ మింట్ సులువు. కింద మెనూ, పక్కన గడియారం, విండోస్ అలవాటున్న కళ్లకు వింతగా అనిపించదు. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు, బాగా పాత మెషీన్‌కు ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోవాలి. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. అసలు మేలు ఏంటంటే, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా, కెమెరా పనిచేస్తోందా చూసుకోండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేస్తే పాత విండోస్ పాతచోటే ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం "డిస్క్ మొత్తం చెరిపేయి" అనే ఆప్షన్ నొక్కితే పెళ్లి ఫొటోలు కూడా పోతాయి. ముందుగా అన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాలి. విండోస్‌ను కూడా ఉంచుకుని పక్కన లినక్స్ వేసుకునేవాళ్లు బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోవాలి.

పాడైతే ఎవరు బాగుచేస్తారన్నది న్యాయమైన ప్రశ్న. వీధి చివరి షాపతను చేతులెత్తేస్తాడు, లేదంటే మళ్లీ విండోస్ వేసిచ్చేస్తాడు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో దానికి విద్యార్థి బృందాలున్నాయి. మీ ఇంట్లోనో, మొహల్లాలోనో బీటెక్ చదివే పిల్లలుంటే వాళ్లను అడగండి. చిన్న ఊళ్లలో ఆ సాయం కూడా దొరకడం కష్టం, అక్కడివాళ్లు పొడిగింపు అప్‌డేట్లు తీసుకుని ఆగడమే మేలు.

ఇంకో జాగ్రత్త. పిల్లల పరీక్షలు, ఈఏపీసెట్ కౌన్సెలింగ్, అడ్మిషన్లు నడిచే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. సెలవుల్లో, ఇంట్లో ఇంకో మెషీనో ఫోనో చేతిలో ఉన్నప్పుడు మొదలుపెట్టండి. 2026 అక్టోబర్‌కు ముందు అలాంటి సెలవులు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి.