నీ వేళ్ల ఖసూర్ కాదు బేటా

మా ఆపా కొడుకు కర్నూల్లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పోయినేడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన పైసలతో ఆన్‌లైన్లో ఓ బేస్ గిటార్ తెప్పించుకున్నాడు. 11 వేలు. డబ్బా విప్పిన రోజు ఫోన్లో వాడి ఖుషీ చూడాలి! మూడు నెలల తర్వాత ఈద్‌కి నేను వెళ్లేసరికి అది బీరువా పక్కన దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. ఏమైంది బేటా అంటే, "నాతో అయ్యే పని కాదు మామూ. నా వేళ్లలో దమ్ము లేదు" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి నేను. అప్పుడు నా దగ్గరున్న నిఘంటువు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నది. మధ్యలో కొన్ని పేజీలు గాయబ్. చాలా రోజులు ఆ సంగతి తెలియక, పదం దొరకని ప్రతిసారీ నా దిమాగ్‌లోనే లోపం ఉందనుకునేవాణ్ణి.

దుప్పటి తీసి చూశాను. 12వ ఫ్రెట్ దగ్గర తీగలు కనీసం 5 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నాయి. అక్కడ 2 నుంచి 3 ఉంటే చాలు. అంత ఎత్తున్న లావు తీగల్ని నొక్కాలంటే పహిల్వాన్ వేళ్లు కావాలి. మూడు నెలలు నొక్కి నొక్కి, తప్పు తనదేనని ఫైసలా చేసుకున్నాడు పిల్లాడు.

సంగీతం జాయజా నాజాయజా అనే బహస్‌లోకి ఈ రోజు వెళ్లను. అది ప్రతి ఇంట్లో పెద్దలు తేల్చుకోవాల్సింది. కొనాలని తేల్చుకున్న ఇంట్లో ఆ పైసలు బర్బాద్ కాకూడదనే నా ఫికర్. నేను కళాకారుణ్ణి కాను. కాలేజీ రోజుల్లో ఓ దోస్త్ పెళ్లి ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. వాడి వెనక తిరిగి, రిపేర్లు చేసే ఉస్తాద్‌ల దగ్గర కూర్చుని నేర్చుకున్నదే ఇదంతా.

బేస్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా విన్నవాళ్లే. రహ్మాన్ పాటల్లో ఏళ్లతరబడి కీత్ పీటర్స్ వాయించింది అదే. కోక్ స్టూడియో ఖవ్వాలీల్లో తబలా కింద గుమ్మని నడిచేదీ అదే. అన్నిటికంటే లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది మోతను మొబైల్ స్పీకర్ సరిగా వినిపించలేదు. అయినా మన పిల్లలు మొబైల్లో రివ్యూ చూసి 'సౌండ్ జబర్దస్త్' అని ఆర్డర్ పెడుతున్నారు. అత్తరును ఫోటోలో చూసి కొన్నట్టు!

పెద్దలది ఇంకో గలతీ. సస్తా అంటే నఖ్లీ అనుకుంటారు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ బజార్లోకి తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తోనే ఈ వాద్యం ప్రపంచమంతా పాకింది. ఆయన రేడియోలు బాగుచేసుకుంటూ పైకొచ్చిన మనిషి. ఆయనకు గిటార్ వాయించడమే రాదు. మెడను స్క్రూలతో బిగించి, కార్ఖానాలో జల్దీ తయారయ్యేలా, పాడైతే విప్పి మార్చుకునేలా చేశాడు. అంటే పుట్టుకతోనే ఇది కార్ఖానా చీజ్. ఇందులో ఖాన్‌దాన్ వెతకడం దండగ. కొనవైపు రాసి ఉన్న పేరు చూసి కూడా మురిసిపోవద్దు. కోర్ట్ అనే కొరియా కంపెనీ ఇండోనేసియాలో తన పేరుతోనే కాక ఇతర పెద్ద పేర్లకూ గిటార్లు చేసిపెడుతుంది.

మరి దేన్ని చూడాలి? ముందు మెడ. దర్జీ సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూసినట్టు, కొన నుంచి పొడవునా చూడండి. మెలి తిరిగినట్టుంటే వదిలేయండి, దానికి సస్తా ఇలాజ్ లేదు. కొంచెం వంపు మాత్రం ఉండాలి. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ ఒంటికి అతుక్కున్న చోటా ఒకేసారి నొక్కి పట్టుకుంటే, మధ్యలో విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. ఆ వంపును మెడ లోపలి ఇనుప కడ్డీతో సరిచేస్తారు. ట్రస్ రాడ్ అంటారు. అది తిరుగుతుందో లేదో దుకాణంవాడినే తిప్పి చూపించమనండి. నసిగితే సలాం చెప్పి బయటికి రండి.

తర్వాత మెడ అంచుల వెంట అరచెయ్యి జార్చండి. ఫ్రెట్ల కొనలు రంపంలా గీరితే కలప ఎండి కుంచించుకుపోయిందన్నమాట. కర్నూలు ఎండలకి ఇది మామూలే, ఆకురాయితో పోతుంది. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా ఓపిగ్గా మోగించండి. దుకాణంవాడు మొహం చిట్లిస్తాడు, చిట్లించనీ. ఎక్కడైనా జరజరమంటే రాసుకోండి. బెల్టు తగిలించుకుని చేతులు వదలండి. కొనవైపు నేలకు వాలిపోతే రోజూ ఎడమ భుజం దాన్ని మోయాలి. నాబ్ తిప్పితే కరకరమంటే మాత్రం ఘబరాయించకండి, చాలాసార్లు స్ప్రేతో పోయే దుమ్మే. వీలైతే అదే మోడల్ రెండు మూడు పీసులు అడగండి. ఒకే డబ్బాలోంచి వచ్చినవే అయినా ఒకటి హీరా, ఇంకోటి పత్తర్ కావచ్చు.

ఇంత చూసి కొన్నా సెటప్ చేయించాలి. మా అబ్బా దర్జీ. రెడీమేడ్ షేర్వానీని ఆల్టరేషన్ లేకుండా నికాహ్‌కి వేసుకెళ్లే దూల్హాను చూస్తే ఆయన తల పట్టుకునేవారు. కార్ఖానా నుంచి వచ్చిన బేస్ కూడా ఆ షేర్వానీయే. కాబట్టి చేతిలో ఉన్నదంతా గిటార్ మీదే ఖర్చుపెట్టకుండా సెటప్‌కీ, ఓ చిన్న బేస్ ఆంప్‌కీ మిగుల్చుకోండి. మామూలు గిటార్ ఆంప్‌లో గట్టిగా వాయిస్తే దాని స్పీకర్ చిరిగిపోవచ్చు.

వాడి గిటార్ని హైదరాబాద్ తెచ్చి నాకు తెలిసిన ఉస్తాద్‌కిచ్చాను. తీగలు దించాడు, కడ్డీ బిగించాడు, నట్ గాళ్లు రెండు లోతు చేశాడు. గంటన్నర పని, 1,200 రూపాయలు. సన్న తీగ మీద 6వ ఫ్రెట్ దగ్గర మాత్రం స్వరం పలికీ పలక్కుండానే చచ్చిపోతోంది. "దీన్ని డెడ్ స్పాట్ అంటారు భాయ్, లక్ష రూపాయల బేస్‌లో కూడా ఉంటుంది, నాతో కాదు" అన్నాడు ఉస్తాద్.

మొన్న ఆపా ఫోన్ చేసి, రాత్రి పదింటి దాకా గుంగుం అంటూనే ఉన్నాడని షికాయత్ చేసింది. వెనక నుంచి వినిపిస్తూనే ఉంది. ఆ చచ్చిపోయే స్వరాన్ని వాడు పక్క తీగ మీద 11వ ఫ్రెట్‌లో పట్టుకున్నాడట.